ముగింపు రాని మఫ్లరు

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. అంటే, నాకు ఏది రాదో నాకు తెలిసేది కాదు. ఎవరు ఏమడిగినా ముందుగా "వచ్చు" అనేసేదాన్ని, తర్వాత ఇంటికొచ్చి అదేమిటో కనుక్కునేదాన్ని. పంతొమ్మిదేళ్ళ వయసులో అంత ధైర్యం ఎక్కడిదో ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది. ఈనాడు నిజంగా చేతనైన పనిని కూడా "ఏదో, కొద్దిగా" అని చెప్పుకునే వయసులో ఉన్నాను కాబట్టి, ఆ పిల్లమీద నాకు కోపం రాదు. కొంచెం సిగ్గేస్తుంది, కొంచెం ముద్దొస్తుంది. ఆ పిల్ల నోట "రాదు" అనే మాట మొట్టమొదట ఎలా వచ్చిందో చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు.

మాది కరీంనగర్ వైపు మగ్గాల వాడ. బాపుది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వదిలి కూర్చుంటే, పొద్దున దిగిన మనిషి మళ్ళీ అన్నానికే పైకి లేచేది. నూలు ధూళికో, గుంతలో తేమకో గానీ ఆయనకు ఎప్పుడూ దగ్గే. చలికాలం వస్తే ఆ దగ్గు వాడ చివరికి వినబడేది. అటువంటి మనిషి నన్ను బడికి పంపాడు. పదో తరగతి అయ్యాక, ఆడవాళ్ళకు కుట్లు, అల్లికలు నేర్పే మూడు నెలల శిక్షణ కరీంనగర్‌లో పెట్టారంటే దానికీ పంపాడు. వాడవాళ్ళు ఊరుకుంటారా? "ఆడిపిల్లకు నౌకరి ఏందివయా, కండెలు సుట్టుకుంటె సాలదా?" అన్నారు. బాపు మగ్గంలోంచి తల కూడా ఎత్తకుండా, "నేను గుంతల కూసున్న. నా బిడ్డ కుర్చీల కూసుంటది" అన్నాడు. (ఆ మాట వాడంతా పాకింది. ఆ తర్వాత నేను వీధిలో నడిచిపోతుంటే "అగో, కుర్చీ పోతున్నది" అనేవాళ్ళు.)

శిక్షణలో ఊలు అల్లకం ఆఖరి వారం. నేర్పే టీచరమ్మ సన్నగా, నిటారుగా ఉండేది, అచ్చం ఆవిడ చేతిలోని పుల్లల్లాగే. మొదటి రోజు పుల్లమీద కుట్లు ఎక్కించడం. రెండో రోజు సూటి కుట్టు. మూడో రోజు తిరగ కుట్టు. ఆ మూడూ నాకు చప్పున పట్టుబడ్డాయి. నూలు పట్టిన చేతులు కదా, పుల్లలు కొత్త గానీ పోగు కొత్త కాదు. "ఈ పిల్ల చేతిలో పని ఉన్నది" అని టీచరమ్మ నలుగురిలో అంది. ఇక ఆగుతానా! సగం అల్లకం నేనే కనిపెట్టినట్టు తిరిగాను.

నాలుగో రోజు మా అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలుస్తాం) ఊరినుంచి దిగింది. నాకు నౌకరి రావాలని ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకున్నదట. గోదావరిలో నాతో తానం చేయించి కొబ్బరికాయ కొట్టిస్తానని మాటిచ్చిందట. "ఇంక రెండొద్దులే ఉన్నది అవ్వా, అయినంక పోదాం" అన్నాను. "నౌకరి వచ్చినంక మొక్కు తీర్చేటోళ్ళు వేరే. నేను ముందుగాల్నే తీరుస్తనన్న. సామికి ఇచ్చిన మాట తప్పుతమా?" అన్నది. టీచరమ్మ మాత్రం, "అమ్మాయీ, ముగింపు చెప్పేది ఇప్పుడే. పోకుంటే మంచిది" అని ఒక్క మాట అన్నది. నేను పోయాను. గోదావరిలో మూడు మునకలు మునిగి, స్వామికి దండం పెట్టి, నౌకరి ఇప్పించమని గట్టిగా అడిగాను. ఆ నౌకరికి కావలసిన ఒకే ఒక్క పాఠం సరిగ్గా ఆ గంటలోనే కరీంనగర్‌లో చెబుతున్నారన్న సంగతి స్వామి నాకు చెప్పలేదు.

తిరిగి వచ్చాక పక్క పిల్లను అడిగాను. "ఆఖరుకు ఏం జెప్పిన్రే?" "ఏమున్నది, మూసేసుడే" అన్నది ఆ పిల్ల, పెట్టె సర్దుకుంటూ. ఎలా మూసేయాలని ఆ రోజు అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను మగ్గాలవాళ్ళ పిల్లను. పుట్టిన నాటినుంచి ఎన్ని బట్టలు ముగియడం చూశాను! మగ్గం మీద బట్ట నిండగానే బాపు బ్లేడుతో అడ్డంగా కోసి, మడిచి, కళ్ళకద్దుకుంటాడు. బట్ట ముగింపంటే అదే. ఊలుకు మాత్రం వేరే ఏముంటుంది? (ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో పడుగు అయిపోయిందని ఎవ్వరూ అనరు. "అతుకుడుకు వచ్చింది" అంటారు. బట్ట కోసినా, పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో పాత పోగుల కొసలు అట్లాగే ఉంచుతారు. కొత్త పడుగు పోగులను ఆ కొసలకు, వేళ్ళకు బూడిద రాసుకుని, ఒక్కొక్కటే మెలితిప్పి అతుకుతారు. ఆ అతికే పని అవ్వది, నాది.)

నౌకరి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో మహిళా కేంద్రం. ఆరు నెలలు చూస్తారు, తనిఖీలో పని బాగుంటే ఉంచుతారు, లేకుంటే ఇంటికే. నిర్మల్ దాటి బస్సు ఘాటు ఎక్కుతుంటేనే చలి చెవుల్లో దూరింది. కేంద్రమంటే పెంకుల కప్పు వేసిన ఒక గది, రెండు జంపఖానాలు, ఒక కుర్చీ. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. దానికింద ఇటుక ముక్క పెట్టుకుని కూర్చుని, మొట్టమొదటగా బాపుకు ఉత్తరం రాశాను: "కుర్చీ ఉన్నది." ఇటుక సంగతి రాయలేదు. ఆ కార్డు పదిమందిచేత చదివించుకున్నాడని తర్వాత తెలిసింది.

పదకొండుమంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళ మాటలో సగం మరాఠీ, నా మాటలో సగం బడాయి. వాళ్ళతోపాటు చూడ్డానికని ఒక ముసలామె వచ్చి గడపలో కూర్చునేది. ఎదురింటి కురుమల పెద్దమ్మ. గొర్రెల ఉన్ని ఏకి, రాట్నంమీద వడికి ఇస్తే, ఆమె కొడుకులు గొంగళ్ళు నేసేవాళ్ళు. మొదటి రోజే నా చేతిలోని పుల్లలను తేరిపార చూసి, "ఏం పంతులమ్మా, మగ్గం లేకుండ రొండు పుల్లలతోని బట్టనా?" అన్నది. "అవును పెద్దమ్మా. గివి ఉంటె సాలు" అన్నాను. "అయితె నువ్వు పుల్లలు వెట్టే పంతులమ్మవన్నట్టు" అంది. అందరూ నవ్వారు. ఇచ్చోడలో ఉన్నన్నాళ్ళూ నేను పుల్లల పంతులమ్మనే. ఊళ్ళో ఎక్కడ ఇద్దరు కొట్లాడుకున్నా, "పంతులమ్మ అటు వోయిందా ఏంది?" అని అడిగేవాళ్ళు.

అందరిచేతా మఫ్లర్లు మొదలుపెట్టించాను. మెడకు చుట్టుకునేదానికి చేతులు, సంకలు ఉండవు, తిన్నగా పోతూ ఉండడమే. నేనూ ఒకటి మొదలుపెట్టాను, బాపు కోసం. ఊలు కరీంనగర్‌లో నేను కొనుక్కున్నదే, నీలం రంగుది. కేంద్రానికి సర్కారు పంపిన ఊలు మాత్రం నెలకే ఒడిసిపోయింది. అప్పుడు పెద్దమ్మే నల్ల నూలు ఉండలు తెచ్చి పడేసింది. "గొర్లు ఉండంగ ఊలుకు ఫికరెందుకు?" అన్నది. ఉత్తగా తీసుకోవడం బాగుండదని నేనూ వడకడం నేర్చుకుంటానన్నాను. "వస్తదా?" అన్నది. "వచ్చు" అన్నాను. రాట్నం తిప్పితే నా నూలు ఒకచోట వేలంత లావు, ఒకచోట వెంట్రుకంత సన్నం. "నేసేటోళ్ళ బిడ్డనంటివి! గీ నూలు మెడకు సుట్టుకునేదా, బర్రెను కట్టేసేదా?" అంటూ, నా చెయ్యిమీద తన చెయ్యి వేసి నెమ్మదిగా వెనక్కి లాగించింది. పత్తిని లాగినట్టు ఉన్నిని లాగకూడదు, అది రానిచ్చినంతే తీసుకోవాలి. పదిహేను రోజులకు నా నూలు ఒక మోస్తరుగా నూలులాగా కనిపించింది. గొంగడి నూలు గుచ్చుకుంటుందని బాపు మఫ్లరుకు మాత్రం అది కలపలేదు.

మఫ్లర్లు మూరెడయ్యాయి, రెండు మూరలయ్యాయి. మూడు మూరలయ్యాక ఒకామె, "ఇంక తీద్దామా పంతులమ్మా?" అన్నది. నేను నా పుల్లమీది కుట్లవైపు చూశాను. అప్పటిదాకా లేని అనుమానం అప్పుడు పుట్టింది. నలభై కుట్లు నలభై కళ్ళలాగా నన్నే చూస్తున్నాయి. పుల్ల తీసేస్తే ఇవి ఎవరి ఆసరాతో నిలబడతాయి? మగ్గంమీది బట్టలో పేకను పడుగు పట్టుకుంటుంది. మరి ఇక్కడ? "ఇంక జరంత అల్లున్రి" అన్నాను. నాలుగు మూరలయ్యాయి. "ఇంక జరంత." అయిదు మూరలు. ఆ రోజే ఒక కార్డు ముక్క టీచరమ్మకు రాస్తే సరిపోయేది. "మూసేసుడు ఎట్లనో మరచిపోయిన" అని రాయవచ్చు. కార్డు తీసి, అడ్రసు రాసి, దాచేశాను. అన్నీ వచ్చని చెప్పిన నోటితో అడగడం నాకు రాలేదు. పెద్దమ్మ గడపలో కూర్చుని ఆ పదకొండు మఫ్లర్లను చూసి, "ఇవి మెడలకా, బాయిల నీళ్ళు తోడెతందుకా?" అన్నది. అందరితోపాటు నేనూ నవ్వాను. రాత్రి మాత్రం ఆ కార్డు తీసి, చూసి, మళ్ళీ దాచాను.

తనిఖీకి మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది. ఇక "జరంత"కు చోటు లేదు. ఆ రోజు పొద్దున్నే కేంద్రం తలుపు వేసుకుని, బాపు మఫ్లరు ముందు పెట్టుకుని, కొత్త బ్లేడుతో పోగు కోశాను. పుల్లను మెల్లగా లాగేశాను. ఊపిరి బిగపట్టి చూశాను. ఏమీ కాలేదు! కుట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికి పరేషానయ్యానని నన్ను నేను తిట్టుకుని, బాపు చేసినట్టే మడిచి, కళ్ళకద్దుకుని, జంపఖానామీద పెట్టాను. ఆడవాళ్ళు రాగానే తలా ఒక బ్లేడు ముక్క ఇచ్చి, "మేడమ్ ముంగట తీద్దాం, మంచిగుంటది" అని కూడా చెప్పాను.

మేడమ్ జీపులో వచ్చారు. కోస్తా వైపు మనిషి, శుభ్రమైన తెల్లచీర, మెత్తని మాట. నా కుర్చీలోనే కూర్చోబెట్టాను. (ఇటుక కదలకుండా నా కాలు అడ్డం పెట్టాను.) నీలం మఫ్లరు ఒళ్ళోకి తీసుకుని, "చాలా నీటుగా ఉందమ్మా, ఒక్క కుట్టు కూడా తేడా లేదే!" అన్నారు. నా గుండె పొంగింది. ఆవిడ ఆడవాళ్ళతో పిల్లల ఆరోగ్యం గురించి, వడపోసిన నీళ్ళ గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. చివర వేలాడుతున్న పోగు కొస ఆవిడ వేళ్ళకు తగిలింది. శుభ్రమైన మనిషి కదా, ఆ పోచను తీసేద్దామని లాగారు. అది వచ్చింది. ఇంకా వచ్చింది. మాటల ధ్యాసలో దాన్ని వేలికి చుట్టుకుంటూ, ఈగల గురించి చెబుతూ, లాగుతూనే ఉన్నారు. వరస వెనక వరస, కుట్టు వెనక కుట్టు, గాలిలో కలిసిపోతున్నాయి. బాపు కోసం అల్లిన రెండు నెలల పని ఆ వేలిమీద ఉండ చుట్టుకుంటూ ఉంటే, నా కాలు ఇటుకమీదే ఉంది. బెత్తెడు పోయాక గానీ ఆవిడ చూసుకోలేదు.

"అయ్యో, ఇదేంటమ్మా ఇలా వచ్చేస్తోంది?" అన్నారు. పుల్లలో ఏదో లోపమని చెబుదామా, ఎలుక కొరికిందందామా అని వెతుకుతున్నాను. ఆవిడే సర్దుకుని, "సరే, పోనీలే. మిగతావాళ్ళవి చూద్దాం. తీయండమ్మా అందరూ" అన్నారు. పదకొండుమందీ బ్లేడు ముక్కలు చేతిలోకి తీసుకున్నారు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. నేను నోరు మూసుకుంటే నా ఒక్కదాని మఫ్లరు కాదు, వాళ్ళందరివీ పోతాయి. చేలల్లో పనిచేసి వచ్చి, చలికి వేళ్ళు వంగక, ఆవిరి ఊదుకుంటూ అల్లినవి. నోరు తెరిస్తే కుర్చీ పోతుంది. బాపు వాడలో అన్న మాట పోతుంది. గుంతలోంచి తల ఎత్తకుండా అన్న ఆ మాట. "కోయకున్రి!" అని అరిచాను. బ్లేడులు ఆగాయి. "నాకు ముగించుడు రాదు" అన్నాను. తర్వాత అనవసరంగా మరోసారి, "రాదు మేడమ్, నేను ఆ పాఠం వినలే. ధర్మపురి పోయిన" అని ఏడ్చేశాను.

ఎవ్వరూ నవ్వలేదు. మేడమ్ తన బ్యాగులోంచి కాగితం తీశారు, రాయడానికేనని అర్థమైంది. అంతలో గడపలోంచి పెద్దమ్మ లేచి వచ్చి, మేడమ్ ఒళ్ళోంచి మఫ్లరును అడగకుండానే తీసుకున్నది. చివర వేలాడే కుట్లను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "గివి కండ్లే గదా? గొంగడి కొసలకు పోగులు ఊడకుంట ఏం జేస్తం? ఒకదాని మెడల నుంచి ఇంకొకదాన్ని తీస్తం. గింతే" అన్నది. చూపుడు వేలితో రెండో కుట్టును మొదటి కుట్టులోంచి లాగింది. మూడోదాన్ని రెండోదాంట్లోంచి. అలా చివరిదాకా వచ్చి, ఊడిన ఊలును బ్లేడుతో కోసి, మిగిలిన ఒక్క కంట్లోంచి పొట్టి కొసను దూర్చి బిగించింది. "ఇగ గుంజు మేడమూ" అని మేడమ్ చేతికే ఇచ్చింది. మేడమ్ లాగారు. గట్టిగా లాగారు. రాలేదు. బిగువెక్కువై ఆ అంచు సంచి మూతిలాగా ముడుచుకుపోయింది గానీ, ఒక్క కుట్టు కదల్లేదు. పదకొండుమందీ మూగి నేర్చుకున్నారు. పన్నెండోదాన్ని నేను.

మేడమ్ కాగితంమీద ఏం రాశారో నాకు చూపలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "రాదని ముందే చెప్పి ఉంటే రెండు నిమిషాల పని కదమ్మా" అన్నారు. జీపు ఎక్కాక తల బయటపెట్టి, "ఆ పెద్దావిడని గడపలో కాదు, లోపల కూర్చోబెట్టుకోండి" అన్నారు. నన్ను ఉంచారని ఆ మాటతోనే అర్థమైంది. మరునాటినుంచి కుర్చీలో పెద్దమ్మను కూర్చోమన్నాను. "గా కుంటిదాంట్ల నేనెందుకు కూసుంట? నువ్వే కూసో" అని జంపఖానామీద కాళ్ళు చాపుకుని కూర్చున్నది.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు బాపు ఆ మఫ్లరును వెలుగుకు పట్టుకుని, వేళ్ళమధ్య నలిపి, చాలాసేపు చూశాడు. "పడుగేది బిడ్డా?" "లేదు బాపూ." "పేక?" "అదీ లేదు. అంతా ఒక్కటే పోగు." "ఒక్క పోగుతోని ఇంత బట్టనా! మరి అది తెగితె?" "మొత్తం పోతది." "గట్లైతె పదిలంగ కట్టుకోవాలె" అని మెడకు చుట్టుకున్నాడు. అప్పుడు ఇచ్చోడలో జరిగిందంతా, ఇటుకతో సహా, చెప్పేశాను. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నీ తప్పు కాదు బిడ్డా. మనింట్ల ముగించుడు నీకెవ్వలు నేర్పిన్రు? మనకు అతుకుడే వచ్చు" అన్నాడు.

మళ్ళీ చలికాలానికి పోయేసరికి ఆ మఫ్లరు ఆయన మెడలోనే ఉంది. దాని కొసనుంచి ఒక తెల్లని పోగు బయలుదేరి, బనీను జేబులోకి పోతోంది. జేబులో నూలు కండె! పెద్దమ్మ బిగించిన నీలం కొసకు, మగ్గంమీది పత్తినూలును బూడిద రాసి మెలితిప్పి అతికాడు. ఆ అతుకు ఎక్కడుందో నా వేళ్ళకే దొరకలేదు. "ఇదేంది బాపూ?" అన్నాను. "కొస పొట్టిగున్నది. నీకు తీరితె మల్ల అల్లుతవేమోనని అతికి వెట్టిన" అన్నాడు. "ఉన్నకాడికి సాలు బాపూ, ఇంక పొడుగెందుకు?" అని నవ్వాను. నాకు బస్సుకు టైమవుతోంది. "సరె సరె" అన్నాడు. ఆ కండెను జేబులో వేసుకునే మగ్గంలోకి దిగేవాడట, సంతకూ అట్లాగే పోయేవాడట. ఎవరైనా అడిగితే "నా బిడ్డ ఇంక అల్లుతున్నది" అనేవాడని, ఆయన పోయిన తర్వాత మఫ్లరునూ కండెనూ నా చేతిలో పెట్టి అవ్వ చెప్పింది. ఆ మాట విన్నప్పుడు ఏడ్చినంత నేను ఇచ్చోడలో ఏడవలేదు.

తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎందరికో నేర్పాను. ఎక్కడికి పోయినా మొదటి రోజే ముగింపు నేర్పేదాన్ని. మొదలే పెట్టనిదాన్ని ముగించడమేమిటని పిల్లలు విచిత్రంగా చూసేవాళ్ళు. చూడనీ అనుకునేదాన్ని. ఇప్పుడు బాపు ఆనాడున్న వయసు దాటి చాలా ముందుకొచ్చాను. మొన్న చలి మొదలుకాగానే పెట్టెలోంచి మఫ్లరు తీసి, సంచి మూతిలా ముడుచుకున్న ఆ అంచును ఒక్కొక్క కన్నే విప్పి, నలభై కుట్లనూ మళ్ళీ పుల్లకెక్కించాను. నీలం ఊలు బెత్తెడు కూడా రాలేదు, తెల్లనూలు అందుకుంది. అతుకు దాటేటప్పుడు మాత్రం కాసేపు ఆగాను. పత్తినూలు ఊలులా సాగదు, వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, కళ్ళద్దాలు జారుతున్నాయి. కండె ఇంకా సగానికిపైగా ఉంది. నేర్చుకోవడానికి వచ్చే పక్కింటి కోడలు, నీలం మీద తెల్ల అతుకును వింతగా చూస్తూ, "ఇంత పొడుగు ఎవరికి అత్తమ్మా? ఎప్పుడు ముగిస్తరు?" అని అడిగింది.

ముగించడం నాకు ఇప్పుడు బాగా వచ్చు. అయినా ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లే నా నోట్లోంచి బదులు చెప్పింది, ఈసారి అబద్ధమాడకుండానే. "ఇంక జరంత" అన్నాను.